రంగు చూసి కొంటున్నామా, బట్ట చూసి కొంటున్నామా?

భివండీ సాంచాల నుంచి సరిహద్దు పల్లెల దుకాణాల దాకా కొనుగోలుదారుని నడిపించే రంగుల వ్యాపారం

నేతపని తెలిసిన కుటుంబాలున్న పల్లెలలో భివండీ పేరు వినని వారు అరుదు. మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో, ముంబయి-ఆగ్రా రహదారి మీద ఉన్న ఈ పట్టణం దేశంలోని అతిపెద్ద మరమగ్గాల కేంద్రాలలో ఒకటి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 7 లక్షల మందికి పైగా నివసిస్తున్నారు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుంచి బ్రతుకుతెరువు కోసం తరలివెళ్లిన పద్మశాలీ కుటుంబాలు తరతరాలుగా అక్కడ స్థిరపడ్డాయి. పద్మనగర్ వీధులలో తెలుగు మాట వినిపిస్తుంది, ఆశ్వయుజ మాసం వచ్చిందంటే బతుకమ్మ ఆట కనిపిస్తుంది.

అయితే ఇంత పెద్ద బట్టల పట్టణంలో మగ్గం మీద నుంచి దిగే బట్టకు సాధారణంగా రంగే ఉండదు. భివండీ ప్రధానంగా నేసేది కోరా బట్ట. వ్యాపార భాషలో దానిని గ్రే అంటారు. ఆ బట్ట తానులుగా చుట్టబడి రాజస్థాన్‌లోని బాలోత్రా, పాలీ పట్టణాలకు, గుజరాత్‌లోని అహ్మదాబాద్, సూరత్, జేత్‌పూర్ వంటి చోట్లకు తరలిపోతుంది. అక్కడి అద్దకపు కర్మాగారాలలో రంగు, అచ్చు, మెరుపు పొంది, చీరగానో చొక్కా గుడ్డగానో మారి తిరిగి మన అంగళ్లకు చేరుతుంది. నేసిన కార్మికునికి తాను నేసిన గజాలకు ఏ రంగు పడిందో తెలియదు. కొన్న ఇల్లాలికి ఆ రంగు కింద ఉన్న బట్ట ఎవరు నేసినదో తెలియదు. ఈ ఇద్దరి నడుమ ధరను నిర్ణయిస్తున్నది చాలావరకు రంగే. ఆ రంగు కొనేవారి కంటి మీద, మనసు మీద, చివరకు జేబు మీద ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం ప్రతి కుటుంబానికీ అవసరం.

కోరా బట్టకు ధర ఎక్కడ పుడుతుంది?

మగ్గం దిగిన నూలు బట్ట లేత పసుపు, బూడిద కలిసిన ఛాయలో ఉంటుంది. పడుగు దారం తెగకుండా పట్టించిన గంజి దానికి అంటుకొనే ఉంటుంది. ముందుగా పైనున్న నూగును మంటతో కాల్చి తీస్తారు. తరువాత గంజిని కడిగివేసి, క్షార ద్రావణంలో ఉడికించి మలినాలను తొలగిస్తారు. ఆ పిదప చలువ చేసి రంగు వేస్తారు. నూలుకు ఒక జాతి రంగులు, పాలియెస్టర్‌కు మరొక జాతి రంగులు వాడతారు. పాలియెస్టర్ దారం సులభంగా రంగు పీల్చుకోదు కనుక మూసివున్న యంత్రాలలో సుమారు 130 డిగ్రీల సెల్సియస్ వేడి వద్ద అద్దకం జరుగుతుంది. ఈ దశలన్నీ దాటిన తరువాతనే బట్టకు అంగడి రూపం వస్తుంది.

ఒకే సాంచా మీద, ఒకే బీము నుంచి దిగిన రెండు తానులలో ఒకటి ఆ ఏడాది జనం మెచ్చిన రంగులోను, రెండవది మెచ్చని రంగులోను అద్దబడితే మొదటిది త్వరగా అమ్ముడుపోతుంది, రెండవది గోదాములో మిగిలిపోతుంది. నేతగానికి మాత్రం రెండింటికీ మీటరు లెక్కన అదే కూలి. కోరా బట్ట ఎవరు నేసినా ఒకేలా కనిపిస్తుంది కాబట్టి అక్కడ పోటీ అంతా పైసల మీదనే నడుస్తుంది. నూలు ధర పెరిగినా, కరెంటు చార్జీ పెరిగినా ఆ భారం ముందుగా చిన్న ఆసామి మీద, ఆ వెంటనే కార్మికుని మీద పడుతుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ మహారాష్ట్రలోనే, తెలుగువారి చేతిలోనే ఉన్నది. షోలాపూర్ చద్దర్లకు దారానికే ముందుగా రంగు వేసి, జకార్డు సాయంతో పూలను, అంచులను నేతలోనే తేలుస్తారు. అక్కడి పద్మశాలీల పనితనానికి పేరు తెచ్చిన ఆ చద్దరుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పోచంపల్లి, పుట్టపాక చేనేతలోనూ రంగు దారంలోనే ఉంటుంది. అటువంటి చోట్ల రంగు నేతగాని విద్యలో భాగం. భివండీ కోరా బట్ట విషయంలో అది వేరొకరి చేతిలోని పెట్టుబడి.

తెలుపు కూడా వేసిన రంగే

తెల్లని ధోవతికి, తెల్లని లాల్చీకి రంగు లేదని సాధారణంగా భావిస్తారు. వాస్తవానికి చలువ చేసిన నూలు బట్టలో కూడా సన్నని పసుపు ఛాయ మిగిలే ఉంటుంది. పూర్వం చాకలివారు నీలిమందు కలిపినది ఇందుకే. పసుపుకు నీలం విరుగుడు. రెండూ కలిసినప్పుడు కంటికి పసుపు కనిపించక, బట్ట తెల్లగా తోస్తుంది. 1983లో కేరళలో మొదలైన జ్యోతి లాబొరేటరీస్ వారి ఉజాలా ఈ సూత్రం మీదనే ఇంటింటికీ చేరింది.

నేటి కర్మాగారాలు మరొక అడుగు ముందుకు వేసి కాంతిని పెంచే రసాయనాలను బట్టకు పట్టిస్తున్నాయి. ఎండలోని కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను ఇవి పీల్చుకొని నీలి వెలుగుగా విడుదల చేస్తాయి. అందువలన కొత్త బట్ట ఎండలో మిలమిల మెరుస్తుంది. బట్టల సబ్బుపొడులలోనూ ఇవి కలుస్తాయి. మెరుపు పెరిగినంత మాత్రాన మురికి ఎక్కువగా పోయిందని గాని, నూలు మేలురకమని గాని అర్థం కాదు.

కన్ను పొరబడే తీరు

రంగు వస్తువులోనే ఉంటుందని మనం అనుకుంటాము. పక్కనున్న రంగును బట్టి, పైన పడే వెలుతురును బట్టి అది మారిపోతుందన్న సంగతి అద్దకపు పనిలోనే మొదట శాస్త్రీయంగా తేలింది. 1824లో ఫ్రాన్సులోని గోబెలిన్ నేతశాలలో అద్దకపు విభాగానికి షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతి అయ్యాడు. నల్ల రంగు దారం కళావిహీనంగా ఉన్నదన్న ఫిర్యాదులు ఆయన వద్దకు వచ్చాయి. పరిశీలించి చూడగా అద్దకంలో లోపం లేదు. నీలం, ఊదా రంగుల పక్కన నేసినప్పుడు మాత్రమే ఆ నలుపు వెలవెలబోతున్నది. పక్కపక్కన ఉన్న రెండు రంగులు పరస్పరం ఒకదానినొకటి మార్చి చూపుతాయని ఆయన 1839లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు.

బట్టల దుకాణదారునికి ఈ గ్రంథం తెలియకపోయినా ఈ విద్య తెలుసు. ఎర్రని చీర పక్కన ఆకుపచ్చ చీరను పరిస్తే రెండూ మరింత నిండుగా కనిపిస్తాయి. వెలిసిన చీరల నడుమ ఒక ముదురు రంగు చీరను వేలాడదీస్తే చూపు దాని మీదనే నిలుస్తుంది. అన్నీ ఒకేలా ఉన్నచోట వేరుగా ఉన్నదే గుర్తుండిపోతుందని 1933లో జర్మనీకి చెందిన ఫాన్ రెస్టార్ఫ్ అనే పరిశోధకురాలు నిరూపించింది.

వెలుతురు సంగతి ఇంకా ముఖ్యమైనది. రెండు బట్టలు దుకాణంలోని దీపం కింద ఒకే రంగులో కనిపించి, ఎండలోకి వచ్చేసరికి వేరువేరుగా తేలవచ్చు. శాస్త్ర పరిభాషలో దీనిని మెటామెరిజం అంటారు. రెండు బట్టలలో వాడిన రంగులు వేరైనప్పుడు, ఒక్కొక్క దీపపు వెలుతురులోని కిరణాల పాళ్లు మారినప్పుడు ఇది సంభవిస్తుంది. చీరకు సరిపోయిందని కొన్న రవిక గుడ్డ ఇంటికి రాగానే నప్పకపోవడానికి తరచుగా ఇదే కారణం. దుకాణదారుడు మోసం చేయకపోయినా ఇలా జరుగుతుంది. పసుపుపచ్చని దీపాలు ఎరుపు, నారింజ, బంగారు జరీని వెలిగించి చూపిస్తాయి. తెల్లని దీపాలు నీలం, ఆకుపచ్చలను మెరిపిస్తాయి.

మనసు మీద రంగు ప్రభావం ఎంత?

ఎరుపు ఆకలి పుట్టిస్తుందని, నీలం నమ్మకం కలిగిస్తుందని, ఆకుపచ్చ ఆరోగ్యాన్ని సూచిస్తుందని ప్రకటనల వారు చెప్పే మాటలు విస్తారంగా ప్రచారంలో ఉన్నాయి. కొనుగోలుదారుని అభిప్రాయంలో 62 నుంచి 90 శాతం రంగును బట్టే ఏర్పడుతుందన్న మాట 2006లో సత్యేంద్ర సింగ్ రాసిన ఒక వ్యాసం ద్వారా ప్రపంచమంతటా పాకింది. ఎవరో కొందరిని పరీక్షించి అన్ని వస్తువులకూ వర్తించేలా కొలిచిన లెక్కగా దానిని తీసుకోరాదు. కందిపప్పుకు, కరెంటు మోటారుకు, పట్టుచీరకు రంగు ప్రాధాన్యం ఒకే విధంగా ఉండజాలదు.

జాగ్రత్తగా జరిపిన పరిశోధనలు ఇంతకంటె మితంగా మాట్లాడతాయి. 1983లో బెలిజ్జీ, ఆయన సహచరులు అమెరికాలో దుకాణాల రంగుల మీద జరిపిన పరీక్షలో ఎరుపు, పసుపు వంటి వేడి రంగులు మనుషులను దగ్గరకు లాగుతాయని, అయితే నీలం, ఆకుపచ్చ వంటి చల్లని రంగులున్న చోటే హాయిగా అనిపిస్తుందని తేలింది. దుకాణం ముందుభాగం ఎర్రగా, లోపలి గోడలు చల్లగా ఉంచడంలోని తర్కం దీని నుంచి గ్రహించవచ్చు. 2006లో బాటమ్లీ, డాయిల్ అనే పరిశోధకులు రంగు వస్తువుకు తగినదిగా ఉన్నదా లేదా అన్నదే ముఖ్యమని చూపించారు. పని కోసం కొనే వస్తువులకు నీలం, ఆనందం కోసం కొనే వస్తువులకు ఎరుపు నప్పినట్లు జనం భావించారు.

2013లో వెలువడిన మరొక పరిశోధన ధరల చీటీలకు సంబంధించినది. ధరలను నలుపులో అచ్చువేసినప్పటి కంటె ఎరుపులో అచ్చువేసినప్పుడు పురుషులు తమకు ఎక్కువ డబ్బు ఆదా అవుతున్నదని భావించారు. స్త్రీల విషయంలో ఆ ప్రభావం అంతగా కనబడలేదు. పండుగ తగ్గింపు బోర్డులు ఎర్రగా ఉండటం చూసి ధర నిజంగా తగ్గిందనుకోవడం ఎంత పొరపాటో దీనివలన తెలుస్తున్నది. తగ్గింపు ఎంతో తెలియాలంటే పాత ధరను, పక్క దుకాణం ధరను పోల్చి చూడడం ఒక్కటే మార్గం.

సరిహద్దు దాటితే రంగు అర్థం మారుతుంది

రంగుకు అర్థం ప్రకృతి ఒక్కటే ఇవ్వదు. ఊరు, కులం, పండుగ కూడా ఇస్తాయి. సరిహద్దున నివసించేవారికి ఇది ప్రత్యక్షంగా తెలిసిన విషయమే. తెలుగు ఇళ్లలో శుభకార్యానికి నల్లచీర కట్టడానికి పెద్దలు ఒప్పుకోరు. మరాఠీ ఇళ్లలో మకర సంక్రాంతికి నల్లచీర కట్టడం ఆనవాయితీ, కొత్త కోడలికి ప్రత్యేకంగా నల్లచీర పెడతారు. మరాఠీ పెళ్లికూతురి చేతికి ఆకుపచ్చ గాజులు తప్పనిసరి. తెలుగు పెళ్లిలో పసుపు, తెలుపు, ఎరుపుల మధుపర్కాలది ప్రధాన స్థానం. ఒకే వ్యాపారి జనవరిలో సరిహద్దుకు ఆవల నల్లచీరలు, ఈవల పసుపు, ఆకుపచ్చ చీరలు సిద్ధం చేసుకోవలసి వస్తుంది.

పాతదని మనం అనుకునే ఆచారాన్ని అంగడే తయారుచేసిన సందర్భం కూడా మహారాష్ట్రలోనే ఉన్నది. నవరాత్రి 9 రోజులలో రోజుకొక రంగు చీర కట్టే అలవాటు ముంబయి, ఠాణే ప్రాంతాలలో నేడు సర్వసాధారణం. కార్యాలయాలలో, లోకల్ రైళ్లలో స్త్రీలందరూ ఒకే రంగులో కనబడతారు. ఇది పురాణాల కాలం నాటి ఆచారం కాదు. 2000ల తొలి సంవత్సరాలలో మహారాష్ట్ర టైమ్స్ దినపత్రిక పాఠకులను పెంచుకొనడానికి రోజుకొక రంగును ప్రకటించి, ఆ రంగు దుస్తులలో స్త్రీల ఛాయాచిత్రాలను ప్రచురించగా వ్యాపించినది. సోమవారం తెలుపు, మంగళవారం ఎరుపు, గురువారం పసుపు, శుక్రవారం ఆకుపచ్చ, శనివారం బూడిద రంగు, ఇలా వారాన్ని బట్టి రంగులు సాగుతాయి. ఇంట్లో బూడిద రంగు చీర లేని ఇల్లాలు ఆ ఒక్క రోజు కోసం ఒకటి కొనుక్కుంటుంది. భివండీలోని తెలుగు ఇళ్లకు అవే రోజులు బతుకమ్మ రోజులు కూడా. ఆ విధంగా ఒకే నెలలో రెండు సంప్రదాయాల ఖర్చు ఒక జేబు మీద పడుతున్నది.

కట్టేవారి ఇష్టాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 2017లో తెలంగాణలో కనిపించింది. ఆ ఏడాది ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టింది. సిరిసిల్ల సాంచాల మీద నేసినవాటితో పాటు కొన్నింటిని సూరత్ నుంచి తెప్పించారు. నాణ్యత బాగాలేదని పలుచోట్ల స్త్రీలు నిరసన తెలిపారు, కొన్నిచోట్ల చీరలను కాల్చివేశారు. తరువాతి సంవత్సరాలలో సిరిసిల్లకే ఆర్డర్లు ఇచ్చి, రంగులను, అంచులను అనేక రకాలుగా పెంచారు. ఉచితంగా ఇచ్చిన చీరకైనా కట్టేవారి మెప్పు కావలసిందేనని పాలకులకు తెలిసివచ్చింది. 2024లో ఆ పథకం నిలిచిపోగా సిరిసిల్ల సాంచాలకు పని కొరత ఏర్పడింది. అనంతరం మహిళా సంఘాల సభ్యులకు ఇచ్చే చీరల ఆర్డరు సిరిసిల్లకు వచ్చింది.

లోపాన్నే గొప్పగా అమ్మిన కథ

రంగు వెలిసిపోవడం బట్టకు అపకీర్తి. దానినే సొగసుగా మార్చి అమ్మిన ఉదంతం 1958 నాటిది. తరువాతి కాలంలో లీలా హోటళ్లను స్థాపించిన కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ నుంచి ఒక అమెరికా వ్యాపారి మద్రాసు గళ్ల బట్టను కొన్నాడు. దానిని చల్లని నీటిలో మెల్లగా ఉతకాలన్న సూచన అక్కడి కొనుగోలుదారులకు చేరలేదు. ఉతికిన ప్రతిసారీ రంగులు ఒకదానిలోకి ఒకటి పాకాయి. ఫిర్యాదులు వెల్లువెత్తగా, వెనక్కి తీసుకోవడానికి బదులు, ఉతికిన కొద్దీ కొత్త రంగులు తేలే అద్భుతమైన భారతీయ బట్ట అంటూ ప్రకటనలు గుప్పించారు. జనం ఎగబడి కొన్నారు. బట్ట మారలేదు, రంగు మారలేదు. దాని గురించి చెప్పిన మాట మారింది.

బట్ట విషయంలో ఇటువంటి మాటకు నష్టం ఒక చొక్కాతో సరి. పొలం, వంటిల్లు విషయంలో అలా కాదు. మందు పట్టించిన విత్తనాన్ని ఎవరూ తినకుండా గుర్తించడానికి కంపెనీలు దానికి రంగు వేస్తాయి. ఆ రంగునే ఆధారం చేసుకొని నాసిరకపు పత్తి గింజలకు రంగు పూసి కంపెనీ విత్తనమని అంటగట్టే ముఠాలు తెలంగాణలో పలుమార్లు పట్టుబడ్డాయి. ఆ రంగు గింజ మొలకెత్తుతుందని చెప్పదు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. వేసిన నెలకు గాని రైతుకు మోసం తెలియదు, అప్పటికి అదను దాటిపోతుంది.

పసుపు సంగతీ ఇంతే. మెరిసే పసుపుకే గిరాకీ అన్న కారణంగా బంగ్లాదేశ్‌లో కొమ్ములకు లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగును పట్టించినట్లు 2019లో వెలువడిన పరిశోధన బయటపెట్టింది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. నిజామాబాద్ పసుపు మార్కెట్‌కు దగ్గరగా ఉన్న పల్లెలవారు కొమ్ము కొని పట్టించుకోవడం క్షేమం. పొడి మీద అనుమానం ఉంటే గ్లాసు నీళ్లలో ఒక చెంచా వేసి కదపకుండా చూడాలి. మంచి పసుపు అడుగుకు దిగి నీళ్లు లేత పసుపుగా మిగులుతాయి. రంగు కలిపినది దిగేటప్పుడు నీళ్లను ముదురు పసుపుగా మారుస్తుంది.

పురుగుమందుల డబ్బాల మీద మాత్రం రంగుకు చట్టం ఇచ్చిన అర్థం ఉన్నది. డబ్బా మీది డైమండ్ ఆకారపు గుర్తులో కింది సగం ఎరుపైతే అత్యంత విషపూరితం. పసుపైతే దాని తరువాతి స్థాయి, నీలమైతే మధ్యస్థం, ఆకుపచ్చైతే స్వల్ప విషం. ఆకుపచ్చ కనబడితే హాని లేదనుకొనడం పొరపాటు, అదీ విషమే. 2017లో ఆదిలాబాద్‌కు ఆనుకొని ఉన్న యవత్మాల్ జిల్లాలో పత్తి చేలకు మందు కొడుతూ 20 మందికి పైగా మరణించారు. పసుపు అంగడిలో శుభానికి గుర్తు, మందు డబ్బా మీద ప్రమాదానికి గుర్తు. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత ఆ గుర్తును చదివించి పెద్దలకు చెప్పించడం మంచిది.

కొనేముందు గమనించవలసినవి

బట్టను ఒకసారి దుకాణం బయటికి తెచ్చి పగటి వెలుతురులో చూడాలి. చీర, రవికలను పక్కపక్కన పెట్టి అక్కడే సరిపోల్చాలి. తడిపిన తెల్ల గుడ్డతో లోపలి అంచు మీద గట్టిగా రుద్దితే వదిలే రంగు గుడ్డకు అంటుతుంది. తొలి ఉతుకులో ముదురు రంగు బట్టలను విడిగా వేయాలి. ఉప్పునీటిలో నానబెట్టితే రంగు శాశ్వతంగా నిలబడుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు, అద్దకం సరిగా జరగని బట్టకు ఉప్పు మందు కాజాలదు. బట్టను వెలుతురుకు ఎత్తిపట్టి నేత ఎంత దగ్గరగా ఉన్నదో చూడాలి. చేతితో నలిపితే తెల్లని పొడి రాలుతుంటే అది గంజి బరువు, రెండు ఉతుకులకు పోతుంది.

ఫోనులో చూసి తెప్పించుకునే బట్టల విషయంలో అదనపు జాగ్రత్త అవసరం. ఛాయాచిత్రం తీసిన దీపాన్ని బట్టి, ఫోను తెరను బట్టి రంగు మారుతుంది. వాపసు నిబంధనను ముందుగా చదివి, అందిన వెంటనే పగటి వెలుతురులో చూసుకోవాలి. బట్టైనా విత్తనమైనా రసీదు తప్పక తీసుకోవాలి. విత్తనాల సంచి మూత తెరవకుండా ఉన్నదా, దాని మీద లాటు నంబరు ఉన్నదా గమనించాలి. సంచిని పంట చేతికి వచ్చేదాకా దాచాలి. అన్యాయం జరిగినట్లయితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరు మీద ఫిర్యాదు చేయవచ్చు.

నేత కుటుంబాల వారు ఆలోచించవలసిన మరొక విషయం కూడా ఉన్నది. రంగు దగ్గర లాభమున్నదని ప్రతి ఊరిలో అద్దకపు కర్మాగారం పెట్టడం సాధ్యం కాదు. పాలీ వద్ద బాండీ నది, బాలోత్రా వద్ద లూనీ నది అద్దకపు వ్యర్థజలాలతో పాడై, దిగువ పొలాలకు పనికిరాకుండా పోయిన చరిత్ర కళ్లముందున్నది. మురికినీటి శుద్ధి ఏర్పాట్లు లేని అద్దకం గోదావరి తీరానికి మేలు చేయదు. రంగు దారం కొని నేతలోనే రకాన్ని తేల్చే షోలాపూర్ పద్ధతి, సహకార సంఘాల ద్వారా నమూనాలు నేర్పే పద్ధతి అంతకంటె తక్కువ నష్టంతో నేతగానికి కొంత ధరను మిగల్చగలవు. ఇటీవలి సంవత్సరాలలో భివండీలో ఎన్నో సాంచాలు మూతబడ్డాయి, ఆ పరిసరాలలో ఆన్‌లైన్ వ్యాపార సంస్థల గోదాములు వెలిశాయి. కోరా బట్ట నేసిన ఇంటి పిల్లలు ఆ గోదాములలో ఇతరులు అద్దిన రంగు బట్టలను పెట్టెలకెత్తుతున్నారు. ఇంటి పిల్లలను అక్కడికి పంపదలచిన కుటుంబాలు కూలి ఎంత అని అడగడంతో ఆగక, పని నేర్పేది కోరా నేతా, జకార్డు నేతా, అద్దకమా అన్న సంగతి కూడా విచారించుకొని పంపడం మేలు.